సెల్ఫ్ మంచిగ తిరుగుతుంది, పంపు సౌండ్ లేదు, బండి స్టార్ట్ అయితలేదు – పంపు మార్చాల్నా?

నార్కట్‌పల్లి65 | శనివారం రాత్రి

అందరికీ నమస్తే. నాది 2012 మోడల్ పెట్రోల్ సెడాన్, ఎంపీఎఫ్‌ఐ ఇంజన్ (కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోల్ చిమ్మేది). రెండేండ్ల కింద సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్న. ఇప్పటిదాంక పెద్ద తిప్పలేం పెట్టలేదు. పోయిన నెల దేవరకొండ పోతుంటే కొండమల్లేపల్లి దగ్గర చాయ్‌కి ఆపినం. తాగి వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ గట్టిగనే తిరుగుతుంది గని ఇంజన్ అందుకుంటలేదు. నీడకు తోసి గంటసేపు ఆగినంక దానంతట అదే స్టార్ట్ అయ్యింది. అప్పటిసంది పొద్దున చల్లగున్నప్పుడు మంచిగ స్టార్ట్ అవుతుంది, మధ్యాహ్నం ఎండకు మొండికేస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ కూడా తగ్గినట్టు అనిపిస్తుండె. మొన్నటి నుంచి మొత్తానికే బంద్ అయ్యింది, ఇంటి ముంగట నిలబడ్డది.

మెకానిక్ వచ్చి వెనుక సీటు కింద చెవి పెట్టి విని, పెట్రోల్ పంపు పోయింది, మొత్తం అసెంబ్లీ మార్చాలె, ఎనిమిది వేల దాంక అయితది అన్నడు. మార్చమంటరా? మార్చినంక కూడా గిట్లనే ఉంటే పైసలు వాపస్ రావు కదా, అందుకే అడుగుతున్న.

టాక్సీవాలా_భూత్పూర్ | శనివారం రాత్రి

మార్చెయ్ అన్నా. ఎండకాలం ఇది మామూలే. పంపు ట్యాంకులోపల పెట్రోల్‌ల మునిగి ఉంటది, పెట్రోలే దాన్ని చల్లగ ఉంచుతది. రిజర్వ్ మీద తిప్పే అలవాటుంటే పంపు వేడెక్కి కాలిపోతది. నేను హైవే 44 మీద రోజూ తిప్పుతా, నా బండ్లల్ల పంపు మార్చిన పని చానా ఉన్నది. సౌండ్ లేదంటే పంపు పోయినట్టే.

జడ్చర్ల_ఆటోవైరింగ్ | శనివారం రాత్రి

మార్చకు, జర ఆగు. సౌండ్ లేదంటే రెండు అర్థాలు ఉంటయి. పంపు చచ్చిపోయి ఉండాలె, లేదా పంపుకు కరెంటు అందుత ఉండకపోవాలె. షెడ్డుల మాకు వచ్చే కేసులల్ల రెండోది తక్కువేం కాదు. ఎనిమిది వేలు పెట్టే ముందు పది నిమిషాలు చూసుకుంటే పోయేదేముంది?

ముందు ఇవి చెప్పు. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండ చూస్తే మీటర్ల ఇంజన్ బొమ్మ లైటు వెలుగుతుందా? తాళంచెవి బొమ్మ లైటు వచ్చి ఆగిపోతుందా, లేక మినుకు మినుకుమంటనే ఉంటుందా? సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెమన్న లేస్తుందా? ట్యాంకుల పెట్రోల్ ఎంతున్నది? ఆ నాలుగు ముక్కలు తెలిస్తే సగం దారి దొరుకుతది.

హాలియా_వరిరైతు | శనివారం రాత్రి

ట్యాంకు కింద రబ్బరు సుత్తితోటి మెల్లగ రెండు దెబ్బలు కొట్టి, అదే టైంల సెల్ఫ్ కొట్టి చూడు తమ్మీ. పంపులో బ్రష్‌లు అరిగి ఆగిపోతే ఆ అదురుకు ఒక్కసారి తిరుగుతది. తిరిగితే పంపు పనైపోయిందని లెక్క. ఇనుప సుత్తి మాత్రం వాడకు.

నార్కట్‌పల్లి65 | ఆదివారం ఉదయం

అందరికీ థాంక్స్. ఇంజన్ బొమ్మ లైటు వెలుగుతుంది. తాళంచెవి లైటు వచ్చి ఆగిపోతుంది, మినుకుమంటలేదు. సెల్ఫ్ కొట్టినప్పుడు ముల్లు కొంచెం లేస్తుంది, రెండొందల దగ్గర ఊగుతుంది. ట్యాంకు సగం ఉన్నది, నేను రిజర్వ్ దాంక ఎన్నడూ పోను. రబ్బరు సుత్తితోటి కొట్టి చూసిన, ఏం ఫరక్ లేదు. తాళం ఆన్ చేసినప్పుడు ముందట రెండు సెకండ్లు జుమ్మని వినపడేది, ఇప్పుడు అది అసలే లేదు.

పాత డిపో మెకానిక్ | ఆదివారం ఉదయం

మహబూబ్‌నగర్ నుంచి. డిపోలో ముప్పై ఏండ్లకు పైగా పని చేసి రిటైరైన. మీరు చెప్పిన దాంట్లో మంచి విషయాలు ఉన్నయి, ఒక్కొక్కటి విప్పి చెప్త.

ఇంజన్ లైటు వెలుగుతుందంటే ఈసీఎంకు, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కు సప్లై అందుతున్నది, మెయిన్ రిలే (కరెంటుతోటి పని చేసే స్విచ్) పని చేస్తున్నది. ఆ లైటే రాకపోయి ఉంటే పంపు జోలికి పోకుండ ముందు మెయిన్ రిలే, దాని ఫ్యూజు చూడమనేవాణ్ని. తాళంచెవి లైటు ఆగిపోయిందంటే ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతోటి బండి స్టార్ట్ కాకుండ ఆపేది) మీ తాళాన్ని గుర్తుపట్టింది. ముల్లు లేస్తున్నదంటే ఇంజన్ తిరుగుడును పసిగట్టే క్రాంక్ సెన్సార్ సిగ్నల్ ఈసీఎంకు చేరుతున్నది. ఇది ముఖ్యం. ఎండకు స్టార్ట్ కాకుండ చల్లబడినంక స్టార్ట్ అయితే నా అనుమానం ముందు క్రాంక్ సెన్సార్ మీదికే పోతది, దాని లోపల కాయిల్ వేడికి తెగిపోయి చల్లారితే మళ్ళ కలుస్తది. కాని సెన్సార్ పోయినా తాళం ఆన్ చేసినప్పుడు ఆ రెండు సెకండ్ల సౌండ్ వచ్చి తీరాలె. మీకు అది కూడా లేదు. కాబట్టి సెన్సార్‌ను పక్కకు పెట్టొచ్చు.

ఆ రెండు సెకండ్ల సంగతి చానామందికి తెల్వదు. తాళం ఆన్ చేయంగనే ఈసీఎం పంపును కొద్దిసేపు తిప్పి లైన్ల ప్రెషర్ నింపి ఆపేస్తది. ఆ తర్వాత ఇంజన్ తిరుగుతున్నట్టు క్రాంక్ సిగ్నల్ వస్తేనే మళ్ళ తిప్పుతది. ఎందుకంటే యాక్సిడెంట్‌ల పైపు తెగి ఇంజన్ ఆగిపోయినప్పుడు పంపు ఇంకా తిరుగుతనే ఉంటే పెట్రోల్ రోడ్డు మీద పోస్తది, మంటలు లేస్తయి.

ఇంక మిగిలింది పంపు ఫ్యూజు, పంపు రిలే, అక్కడి నుంచి ట్యాంకు దాంక పోయే వైరు, ట్యాంకు మీది కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు), ఎర్త్ (బాడీకి బిగించే నెగెటివ్ వైరు), చివరకు పంపు. ఈ వరుసలోనే పోవాలె. పంపును ముందే అనుమానించడానికి కారణం ఏం లేదు.

గద్వాల_నడిగడ్డ | ఆదివారం ఉదయం

నడుమల వస్తున్న, మన్నించండి. కొన్ని కంపెనీల బండ్లల్ల ఇనర్షియా స్విచ్ అని ఒకటి ఉంటది. గట్టిగ గుద్దుకుంటే పంపుకు కరెంటు కట్ చేస్తది. మా అన్న బండి పెద్ద గుంతల పడ్డంక గిట్లనే ఆగింది. డ్యాష్‌బోర్డు కింద పక్కసీటు కాళ్ళ దగ్గర ఎర్ర బటన్ లేచి ఉండె, వత్తితే స్టార్ట్ అయ్యింది. ఓనర్ పుస్తకంల ఉన్నదో లేదో చూసుకో. కాని వత్తే ముందు బండి కింద పెట్రోల్ కారుతుందేమో, వాసన వస్తుందేమో తప్పకుండ చూడు.

నార్కట్‌పల్లి65 | ఆదివారం ఉదయం

పుస్తకం తిరగేసిన, నా బండిల అది లేదు. ఫ్యూజు గుంజి చూసిన, 15 ఆంప్స్, తీగ మంచిగనే ఉన్నది. రిలే ఎట్ల చూడాలె సార్? నా దగ్గర డిజిటల్ మీటర్ ఉన్నది.

జడ్చర్ల_ఆటోవైరింగ్ | ఆదివారం మధ్యాహ్నం

ఫ్యూజు కంటితోటి చూస్తే సరిపోదు. దాని నెత్తి మీద రెండు చిన్న లోహపు చుక్కలు కనపడతయి. తాళం ఆన్ పెట్టి మీటర్‌తోటి రెండు చుక్కల మీద చూడు, రెండు దిక్కుల 12 రావాలె. ఒకదిక్కు వచ్చి రెండో దిక్కు రాకపోతే ఫ్యూజు పోయినట్టు, కంటికి మంచిగ కనపడ్డా సరే.

రిలే మీద నంబర్లు ఉంటయి. 85, 86 అంటే లోపలి కాయిల్. 30 అంటే బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగ వచ్చే సప్లై. 87 అంటే పంపుకు పోయేది. తాళం ఆన్ చేసినప్పుడు ఈసీఎం కాయిల్‌కు ఎర్త్ ఇస్తది, రిలే టిక్కుమంటది, 30కి 87కి లోపల కలుస్తది. రిలే మీద వేలు పెట్టి ఇంకొకరిని తాళం తిప్పమను. టిక్ తగిలితే ఈసీఎం తన పని తను చేసినట్టే. ఆ తర్వాత అదే నంబరున్న ఇంకో రిలేతోటి మార్చి చూడు, హారన్‌ది గాని ఫ్యాన్‌ది గాని. మార్చే ముందు రెండింటి మీద గీసిన బొమ్మ ఒకేలాగ ఉన్నదా చూసుకో, కాళ్ళ వరుస వేరే ఉంటే తప్పు దారి పడతది.

అప్పటికీ రాకపోతే రిలే గుంజేసి, దాని సాకెట్‌ల 30ని 87ని ఒక వైరుతోటి కలుపు. ఉత్త వైరు వద్దు, నడుమ 15 ఆంప్స్ ఫ్యూజు ఉన్న వైరు. ఎక్కడన్న వైరు బాడీకి తాకి ఉంటే ఆ ఫ్యూజు ఎగిరి ఊకుంటది, బండి వైరింగ్ కాలదు. కలిపినంక పంపు ఆగకుండ తిరుగుతనే ఉండాలె.

నార్కట్‌పల్లి65 | ఆదివారం సాయంత్రం

చేసిన. ఫ్యూజు రెండు దిక్కుల 12.4 వస్తుంది. రిలే టిక్ తగులుతుంది. హారన్ రిలే బొమ్మ అదే ఉన్నది, మార్చి చూసిన, ఫరక్ లేదు. ఫ్యూజు వైరుతోటి 30ని 87ని కలిపిన, పంపు సౌండ్ రాలేదు, ఫ్యూజు కూడా ఎగరలేదు.

తర్వాత వెనుక సీటు లేపి, ట్యాంకు మీది మూత తీసి, కప్లర్ ఊడగొట్టి, వైరు దిక్కు ఉన్న పెద్ద పిన్నులు రెండింట్ల మీటర్ పెట్టిన. 12.2 చూపిస్తుంది! అంటే కరెంటు పంపు దాంక వస్తనే ఉన్నది. మరి పంపే పోయినట్టు కదా?

టాక్సీవాలా_భూత్పూర్ | ఆదివారం సాయంత్రం

నేను చెప్పలే? కరెంటు వస్తుంది, పంపు తిరుగుతలేదు. ఇంక లెక్క తేలిపోయింది. పొద్దుగాల షాపు తెరవంగనే పంపు తెచ్చుకో.

జడ్చర్ల_ఆటోవైరింగ్ | ఆదివారం సాయంత్రం

అన్నా, ఆ మాట ఇప్పుడే అనకు. అసలు మెలిక ఇక్కడే ఉన్నది. షెడ్లల్ల మంచి పంపులు చెత్తబుట్టల పడేది ఈ ఒక్క కొలత నమ్మే.

డిజిటల్ మీటర్ కరెంటు దాదాపు తీసుకోదు, దాని లోపలి రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డం) లక్షల ఓమ్‌లల్ల ఉంటది. వైరుల ఇరవై పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా, జాయింటు తుప్పు పట్టి సన్నగ తాకుతున్నా, మీటర్ పన్నెండే చూపిస్తది. పంపు మాత్రం 4 నుంచి 6 ఆంప్స్ గుంజుతది. అంత కరెంటు ఆ ఒక్క పోగుల నుంచి రాదు.

బ్రేక్ లైటు బల్బు, 21 వాట్లది, ఒకటి తీసుకో. దానికి రెండు వైర్లు అతికి కప్లర్ పిన్నులకు పెట్టు, మీటర్‌ను కూడా అక్కడనే ఉంచు. బల్బు బ్రేక్ వేసినప్పటంత తెల్లగ వెలిగితే భూత్పూర్ అన్న మాటే కరెక్టు. ఎర్రగ మాడితే వైరింగ్‌ల తప్పున్నది.

హాలియా_వరిరైతు | ఆదివారం సాయంత్రం

ఇది మాకు బాగ తెలిసిన తిప్పలే. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగ ఉన్న బోరు దగ్గర టెస్టర్ పెడితే వెలుగుతది, కరెంటు ఉన్నదనుకుంటం. స్టార్టర్ ఒత్తంగనే ఓల్టేజీ కిందికి పడి మోటరు మూలుగుతది గని నీళ్ళు ఎత్తదు. నడుమల ఏదో ఒక జంపర్ లూజు ఉంటది. మోటరు మంచిదే.

పాత డిపో మెకానిక్ | ఆదివారం సాయంత్రం

హాలియా తమ్ముడు చక్కగ చెప్పిండు. జడ్చర్ల తమ్ముడు చెప్పిన టెస్టుకు ముందు నా దిక్కు నుంచి ఒక జాగ్రత్త. ట్యాంకు మూత తెరిచి ఉన్నప్పుడు పెట్రోల్ ఆవిరి సీటు కింద నిలుస్తది, అది గాలి కన్న బరువు. నాలుగు డోర్లు తెరిచి కొద్దిసేపు ఆగండి. సిగరెట్టు, అగ్గిపుల్ల సంగతి చెప్పక్కర లేదు. పిల్లలను దగ్గరికి రానీయకండి. వైర్లు ముందు కప్లర్ దిక్కు బిగించి, చివరి కనెక్షన్ దూరంగ, రిలే సాకెట్ దగ్గర గాని బ్యాటరీ దగ్గర గాని ఇవ్వండి. చిటుక్కున నిప్పురవ్వ వచ్చేది చివరిగ కలిపే చోటనే, అది ట్యాంకు పక్కన ఉండకూడదు.

నార్కట్‌పల్లి65 | ఆదివారం రాత్రి

సార్ చెప్పినట్టే జాగ్రత్తగ చేసిన. బల్బు తీగ ఎర్రగ కనపడీ కనపడనట్టు ఉన్నది, వెలుతురు లేదు. బల్బు పెట్టంగనే మీటర్‌ల 12.2 నుంచి 3 కిందికి పడిపోయింది. బల్బు తీసేస్తే మళ్ళ 12.2.

జడ్చర్ల_ఆటోవైరింగ్ | ఆదివారం రాత్రి

దొరికింది. పంపు కొనకు. ఇప్పుడు తప్పు సప్లై వైరులనా, ఎర్త్ వైరులనా తేల్చాలె.

బల్బు ఒక కొసను కప్లర్‌ల సప్లై పిన్నుకే ఉంచి, రెండో కొసను పొడుగు వైరుతోటి బ్యాటరీ నెగెటివ్‌కు పెట్టు. ఇప్పుడు మంచిగ వెలిగితే ఎర్త్ పోయినట్టు, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు విప్పి గీకి మళ్ళ బిగిస్తే అయిపోతది. అప్పుడు కూడా మసకగనే ఉంటే సప్లై వైరు. తర్వాత తిరగేసి చూడు, బ్యాటరీ పాజిటివ్ నుంచి బల్బు మీదుగ కప్లర్ ఎర్త్ పిన్నుకు. రెండూ చేస్తేనే పక్కా అయితది.

చివరగ పంపుకే నేరుగ కరెంటు ఇవ్వు. పంపు దిక్కు పిన్నులకు పాజిటివ్, నెగెటివ్ చూసుకొని వైర్లు బిగించి, నడుమ ఫ్యూజు పెట్టి, బ్యాటరీ దగ్గర ముట్టించు. సన్న పిన్నులు రెండు ఉంటయి, అవి పెట్రోల్ ముల్లువి. వాటికి పన్నెండు ఓల్ట్‌లు తాకనీయకు.

వనపర్తి_టీచరమ్మ | ఆదివారం రాత్రి

నమస్తే అండి. చదువుతున్న కొద్దీ నా బండి కథే గుర్తొస్తుంది కాబట్టి అడుగుతున్న. తమ్ముడూ, మీరు కొనకముందు ఆ బండి ట్రావెల్స్‌లో గాని ఫైనాన్స్‌లో గాని తిరిగిందా? నా కారు ఒకప్పుడు టాక్సీ ప్లేటుది, తర్వాత సొంత బండి కింద మార్చి అమ్మినరు. దాంట్లో జీపీఎస్ ట్రాకర్ పెట్టి, కిస్తీ కట్టకపోతే దూరం నుంచే బండి ఆపేటట్టు పంపు వైరును కోసి నడుమల ఒక చిన్న రిలే వేసినరు. అమ్మేటప్పుడు ట్రాకర్ డబ్బా తీసుకుపోయినరు గాని ఆ రిలే, కోసిన వైర్లు అట్లనే టేపు చుట్టి వదిలేసినరు. నాకు రోడ్డు మీద ఆగిపోయినప్పుడు వైరింగ్ మిస్త్రీ దాన్ని డ్రైవర్ కాళ్ళ పైన, డ్యాష్‌బోర్డు కింద వెతికి పట్టుకున్నడు.

టాక్సీవాలా_భూత్పూర్ | ఆదివారం రాత్రి

మేడం చెప్పింది నిజం. మా లైన్ల ఇది ఉన్నది. ట్రాకర్ పెట్టేటాయన రోజుకు ఎన్నో బండ్లు చేయాలె, పంపు వైరు ఎక్కడ చేతికందితే అక్కడ కోసి, మెలేసి, టేపు చుట్టి పోతడు. ఎల్‌పీజీ కిట్ పెట్టి తీసేసిన బండ్లల్ల కూడా ఇదే సంగతి. గ్యాస్ మీద నడిచేటప్పుడు పెట్రోల్ పంపు ఆగాలె కాబట్టి వైరు కోస్తరు, కిట్ తీసేటప్పుడు ఆ కోతను మెలేసి వదిలేస్తరు. బల్బు టెస్టు నాకు కొత్త, రేపటి సంది నేను కూడా చేస్త.

నార్కట్‌పల్లి65 | సోమవారం ఉదయం

అన్ని చేసిన. సప్లై పిన్ను నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు పెడితే బల్బు మసకగనే ఉన్నది. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఎర్త్ పిన్నుకు పెడితే ధగధగ వెలిగింది. అంటే ఎర్త్ మంచిది, సప్లై వైరే. పంపుకు నేరుగ ఇస్తే జుమ్మని తిరిగింది! మా నాయన పక్కనుండె, ఆ సౌండ్ విని ఆయన మొఖం వెలిగిపోయింది.

అక్కా, మీరడిగింది కరెక్టు. ఆర్‌సీల చూస్తే ముందటి ఓనర్ ట్రావెల్స్ ఆయన. రిలే బాక్స్ డ్యాష్‌బోర్డు కిందనే ఉన్నది, ఇప్పుడు దాని వెనుక వైర్లు వెతుకుత.

మిర్యాలగూడ_మిల్లు | సోమవారం ఉదయం

ఎలుకలు కూడ చూసుకో అన్నా. మా దిక్కు వరి కోతలైనంక పొలాలల్ల తిండి దొరక్క అవి ఇండ్లల్లకు, బండ్లల్లకు వస్తయి. నా బండి వెనుక సీటు కింద గూడే పెట్టినయి, వైర్ల మీది ప్లాస్టిక్ మొత్తం కొరికినయి.

నార్కట్‌పల్లి65 | సోమవారం రాత్రి

దొరికిందన్నా, దొరికింది! డ్రైవర్ కాళ్ళ పైన, స్టీరింగ్ రాడ్డు పక్కన, తీగ క్లిప్పుతోటి కట్టి ఒక నల్ల రిలే ఉన్నది. టేపు జిగురు కరిగి చేతికి అంటుకుంటుంది. విప్పి చూస్తే నీలం వైరు రెండు ముక్కలు కోసి, ఒక్కొక్క కొసను సన్న వైరుకు మెలేసి రిలేకు ఇచ్చినరు. ఒక మెలిక దగ్గర రాగి నల్లగ అయ్యి పొడి రాలుతుంది, మీది ప్లాస్టిక్ బుడగలు వచ్చి కరిగింది. రిలే కాళ్ళ దగ్గర గోధుమరంగు పట్టి ఉన్నది. దాని నుంచి ట్రాకర్‌కు పోయే వైర్లు గాలికి ఏలాడుతున్నయి.

ఇప్పుడు మొత్తం తీసేసి రెండు కొసలను కలిపేయొచ్చా? ఎండకే ఎందుకు ఆగుతుండె, పొద్దున ఎందుకు నడుస్తుండె అది కూడా చెప్పండి, తెలుసుకోవాలని ఉన్నది.

పాత డిపో మెకానిక్ | సోమవారం రాత్రి

చానా సంతోషం తమ్మీ. ఎందుకో చెప్త.

ఓపిగ్గ చదువు. మెలేసిన జాయింటుల గాలి, తేమ చేరి రాగి మీద పొర కడుతది. ఆ పొర కరెంటును అడ్డుకుంటది. ఒక్క ఓమ్ అడ్డం ఉన్నదనుకో, పంపు 5 ఆంప్స్ గుంజితే అక్కడ 5 ఓల్ట్‌లు తింటది, పంపుకు మిగిలేది 7. ఐదును ఐదుతోటి గుణిస్తే 25, అంటే 25 వాట్ల వేడి ఆ వేలెడు జాయింటుల పుడుతది. సోల్డరింగ్ చేసే చిన్న ఐరన్ కూడా అంతే. ఆ వేడికి రాగి ఇంకా నల్లబడి అడ్డం ఇంకా పెరుగుతది, పెరిగిన కొద్దీ జాయింటు ఇంకా చెడిపోతది. మేలో మన దగ్గర బయటనే 45 డిగ్రీల దగ్గరికి పోతది, అద్దాలు మూసి ఎండల ఆపిన బండి లోపల ఇంకెంతో ఎక్కువ. పొద్దున చల్లగున్నప్పుడు ఎట్లనో తాకి నడిచింది, ఎండకు వ్యాకోచించి వదిలేసింది. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ తగ్గింది కూడా ఇందుకే. పంపుకు ఓల్టేజీ తక్కువైతే నిమ్మళంగ తిరుగుతది, లైన్ల సుమారు 3 బార్ ఉండాల్సిన ప్రెషర్ నిలబడదు, ఇంజన్‌కు కావల్సినప్పుడు పెట్రోల్ చాలదు.

ఈ తప్పు బండి ఆపడంతోటే ఆగేది కాదు. తివాచీ పక్కన, ప్లాస్టిక్ నడుమల ఆ వేడి ఉంటే మంట లేచే అవకాశం ఉన్నది. బండి మొరాయించి మిమ్మల్ని కాపాడింది.

జడ్చర్ల_ఆటోవైరింగ్ | సోమవారం రాత్రి

కలిపే పద్ధతి నేను చెప్త. ముందు బ్యాటరీ నెగెటివ్ ఊడగొట్టు. నల్లబడిన రాగి మొత్తం, ఎర్రగ మెరిసే రాగి కనపడేదాంక రెండు దిక్కుల కోసెయ్. వైరు పొట్టిగ అయితది, కాబట్టి అదే మందం లేదా కొంచెం ఎక్కువ మందం ఉన్న ఆటో వైరు ముక్క నడుమ వెయ్. ఇంట్ల వాడే వైరు వద్దు, బండి అదురుకు, వేడికి ఆగదు. రెండు చివర్లు గొట్టం లగ్గు (వైర్లు కలిపి నొక్కే చిన్న గొట్టం) పెట్టి క్రింపింగ్ ప్లాస్‌తోటి గట్టిగ నొక్కించు. మామూలు ప్లాస్‌తోటి నొక్కితే పట్టు రాదు. మీద జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు (వేడికి ముడుచుకునే గొట్టం) వేసి వేడి చెయ్. సోల్డర్ కూడా పనికొస్తది గని, సోల్డర్ చేసిన చోట వైరు గట్టిపడి ఆ అంచున అదురుకు తెగుతది, అందుకే క్లిప్పు వేసి ఊగకుండ కట్టాలె.

ఆ రిలే ఎందుకు కాలిందో కూడా చూడు. అట్లాంటి రిలేల ఐదో కాలు ఉంటది, 87ఏ. ట్రాకర్‌కు కరెంటు లేకున్నా బండి నడవాలె కాబట్టి పంపు కరెంటును దాని మీదుగ పోనిస్తరు. రిలే ఊకున్నప్పుడు లోపలి స్ప్రింగ్ బలం మీదనే ఆ పాయింట్లు తాకి ఉంటయి, 87 అంత గట్టి పట్టు దానికి లేదు. చవుక రిలే అయితే ఏండ్ల తరబడి పంపు లోడు మోయలేదు.

అయినంక బండి స్టార్ట్ చేసి, పంపు తిరుగుతున్నప్పుడు కప్లర్ వెనుక నుంచి సూది పెట్టి ఓల్టేజీ కొలువు. బ్యాటరీ మీద ఎంత ఉన్నదో అక్కడ దానికి అర ఓల్ట్ కన్న ఎక్కువ తక్కువ ఉండొద్దు.

వనపర్తి_టీచరమ్మ | మంగళవారం ఉదయం

కోసేసే ముందు ఇంకో మాట. ఆర్‌సీలో ఫైనాన్స్ వాళ్ళ పేరు కొట్టేసి ఉన్నదా చూసుకోండి. లోన్ తీరి, ఫారం 35 (లోన్ తీరిందని తెలిపే కాగితం) ఇచ్చి, ఆర్టీఏలో హైపోతికేషన్ (బండి మీది లోన్ తాకట్టు) తీయించి ఉంటే ఆ రిలే మీద వాళ్ళకు ఏ హక్కూ లేదు, నిశ్చింతగా తీసేయొచ్చు. ఇంకా పేరు ఉంటే మాత్రం ముందు ఆ కాగితం పని చేసుకోండి, లేకపోతే రేపు మీరు అమ్మేటప్పుడు ఇబ్బంది. నేను ఆ పనికి చాలా తిరిగిన, అందుకే చెప్తున్న.

నార్కట్‌పల్లి65 | మంగళవారం సాయంత్రం

ఆర్‌సీల పేరు కొట్టేసే ఉన్నది అక్కా, మంచి మాట గుర్తు చేసినరు.

నల్లగొండ గడియారం సెంటర్ దిక్కు పోయి ఆటో వైరు, లగ్గులు, హీట్ ష్రింక్ తెచ్చుకున్న, క్రింపింగ్ ప్లాస్ తెలిసిన షెడ్డుల అడుక్కున్న. అన్నీ మూడొందల లోపటనే అయినయి. రిలే తీసేసి కొత్త ముక్క వేసిన. తాళం ఆన్ చేయంగనే జుమ్మని సౌండ్, సెల్ఫ్ కొట్టంగనే ఒక్కదెబ్బకు అందుకుంది. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ మీద 14.1, పంపు దగ్గర 13.8. మధ్యాహ్నం రెండింటికి ఎండల నిలబెట్టి మళ్ళ మళ్ళ స్టార్ట్ చేసి చూసిన, ప్రతిసారి వెంటనే అందుకుంటుంది.

టాక్సీ అన్నా, నువ్వు కూడా మంచికే చెప్పినవ్. కాని ఎనిమిది వేలు మిగిలినయి. అందరికీ చేతులెత్తి దండం.

టాక్సీవాలా_భూత్పూర్ | మంగళవారం సాయంత్రం

మంచిగైంది తమ్మీ. ఇంకోటి, ఆ అనుమానం ఉన్నప్పుడే ఫిల్టర్ కూడా చూసుకో. ఫిల్టర్ మూసుకుపోతే పంపు ఎక్కువ బలం పెట్టి ఎక్కువ ఆంప్స్ గుంజుతది, అదే జాయింట్లను, రిలేను తొందరగ కాలుస్తది. నీ బండిల అది పంపుతోటే లోపల ఉన్నదో, బయట వేరే ఉన్నదో తెలుసుకో.

అచ్చంపేట_డీజిల్ | మంగళవారం రాత్రి

అన్నలూ, ఈ మాటలన్ని చదివి ధైర్యం చేసి అడుగుతున్న. మాది పాత డీజిల్ జీపు, కామన్ రైల్ (కంప్యూటర్‌తోటి డీజిల్ చిమ్మే కొత్త పద్ధతి) కాదు, రోటరీ పంపుది. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు దాటినంక నడుస్త నడుస్తనే ఆగింది. సెల్ఫ్ తిరుగుతుంది, పొగ అసలే వస్తలేదు. డీజిల్ ఉన్నది, చేతి పంపుతోటి గాలి కూడా తీసిన. దీంట్ల కరెంటు సంగతి ఏమన్న ఉంటదా?

పాత డిపో మెకానిక్ | మంగళవారం రాత్రి

ఉంటది. రోటరీ పంపు మీద వెనుక దిక్కు ఒకే ఒక్క వైరు పోయే చిన్న సాలినాయిడ్ (కరెంటుతోటి తెరుచుకునే వాల్వ్) కనపడుతది. తాళం ఆన్ చేస్తే దానికి 12 ఓల్ట్‌లు వచ్చి లోపలి పిన్ను లేచి డీజిల్‌కు దారి ఇస్తది, తాళం బంద్ చేస్తే మూస్తది. పాత డీజిల్ బండి తాళంతోటి ఆగేది దానివల్లనే. పొగ అసలే లేదంటే నాజిళ్ళకు డీజిల్ చేరుతలేదు. తాళం ఆన్ చేసి, ఆ వైరును ఊడగొట్టి మళ్ళ తాకిచ్చి చూడు, తాకిన ప్రతిసారి టిక్కుమనాలె. టిక్ లేకుంటే బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు ఉన్న వైరుతోటి నేరుగ ఇచ్చి చూడు.

కామన్ రైల్ బండి అయితే సంగతి వేరే. దాంట్ల సెల్ఫ్ కొట్టినప్పుడు రైల్ ప్రెషర్ సుమారు 200 బార్ లేవకపోతే ఈసీఎం ఇంజెక్టర్లను తెరవనే తెరవదు, స్కానర్ పెట్టి చూడాల్సిందే. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ పైపుల నట్లు ఎవరూ విప్పొద్దు, వేయి బార్లు దాటిన డీజిల్ ధార చర్మంల నుంచి లోపలికి పోతది.

అచ్చంపేట_డీజిల్ | బుధవారం ఉదయం

టిక్ లేకుండె సార్. నేరుగ ఇస్తే టిక్కుమంది, ఇంజన్ కూడా అందుకుంది. డ్యాష్‌బోర్డు కింద చూస్తే దాని ఫ్యూజు ఎగిరి ఉన్నది, 10 ఆంప్స్. కొత్తది వేసిన, ఊరు దాటేలోపల మళ్ళ ఎగిరింది. 20ది వేయమంటున్నడు మా దగ్గరి మెకానిక్.

జడ్చర్ల_ఆటోవైరింగ్ | బుధవారం ఉదయం

20 వేయనీయకు తమ్మీ. ఫ్యూజు ఎగురుతుందంటే ఆ వైరు ఎక్కడనో రాపిడికి బాడీకి తాకుతుంది, పెద్దది వేస్తే ఫ్యూజుకు బదులు వైరు కాలుతది. సాలినాయిడ్ వైరు ఊడగొట్టి కొత్త 10 ఫ్యూజు వేసి నడవకుండనే తాళం ఆన్ పెట్టు, వైరింగ్‌ను చేతితోటి అక్కడక్కడ ఊపు. అప్పుడే ఎగిరితే వైరుల తప్పు. ఎగరకుంటే సాలినాయిడ్ లోపల కాయిల్ షార్టైంది, వైరు పిన్నుకు పంపు బాడీకి నడుమ ఓమ్‌లు కొలిచి ఇక్కడ రాయి. జీపులల్ల ఎక్కువగ ఆ వైరు ఫైర్‌వాల్ (ఇంజన్‌కు, లోపలికి నడుమ ఉండే రేకు) రంధ్రం దగ్గర రబ్బరు బుష్ ఊడిపోయి రేకుకు రాసుకుంటది, ముందు అక్కడ చూడు. నేను రాత్రి తొమ్మిది దాంక షెడ్డులనే ఉంట.